ఒక్క ఇంటి కోసం ఆగిన రొట్టె

మొన్న నందిగామలో మా అమ్మాయి వాళ్ళు వెళ్ళే పెద్ద మందిరానికి నేనూ వెళ్ళాను. అది ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆదివారం కావడంతో గుమ్మం దగ్గరే అందరి చేతుల్లో చిన్న ప్లాస్టిక్ గిన్నె ఒకటి పెట్టారు. పై పొర ఒలిస్తే కాగితమంత పల్చటి రొట్టె ముక్క, దాని కింది పొర ఒలిస్తే గుక్కెడైనా లేని ద్రాక్షరసం. ఈ వయసులో నా వేళ్ళకు ఆ పొర చిక్కక తంటాలు పడుతుండగానే ప్రార్థన ముగిసింది, బయట బండ్లు తీసే హడావిడి మొదలైంది, నా రొట్టె నా చేతిలోనే మిగిలిపోయింది. పక్కనున్నావిడ ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆవిడకూ తెలియదు. అలా కూర్చుంటే ఎన్నాళ్ళకో మా తిరగలి చప్పుడు గుర్తొచ్చింది.

మాది జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్యనున్న మెట్ట పల్లె. నేను చెప్పేది యాభైల చివరి సంగతి. మట్టిగోడల మీద తాటాకు కప్పిన గుడి, అందులో ఈతచాపలు, అంతే మా వైభవం. పాస్టరు అయ్యగారు నెలకోసారి నందిగామ నుంచి సైకిలు మీద వచ్చి ఆ బల్ల సంస్కారం ఇచ్చి వెళ్ళేవారు. ద్రాక్షరసం బాధ్యత ఆయనది, అక్కడే ఎండుద్రాక్ష కొని నానబెట్టి పిసికి సీసాలో పోసుకొచ్చేవారు. రొట్టె మాత్రం మాది. గోధుమపిండి మొహం మేమెప్పుడు చూశాం గనక, జొన్నరొట్టే! దానికీ ఒక పద్ధతి ఉండేది. శనివారంనాడు ప్రతి ఇంటి నుంచీ పిడికెడు జొన్నలు ఒకే చేటలోకి చేరాలి, వాటిని వంతు వచ్చిన రెండిళ్ళ ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి పట్టుకుని విసరాలి. విసిరాక ఏ గింజ ఎవరిదో చెప్పండి చూద్దాం అని మా నాయనమ్మ అందరినీ ఆటపట్టించేది.

ఒకసారి ఆ వంతు మా ఇంటికీ పెదనాన్న ఇంటికీ కలిపి వచ్చింది. అప్పటికి ఆ రెండిళ్ళకూ మాటల్లేవు. అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా ఒక ఎడ్లజత ఉండేది. వద్దని నాన్న చెబుతున్నా వినకుండా పెదనాన్న వాటిని సున్నపురాయి బండికి కట్టుకుని పేటకు తోలుకెళ్ళాడు, దారిలో ఒక ఎద్దు కాలు విరిగి పనికిరాకుండా పోయింది. నోటికొచ్చిన మాటలన్నీ అనుకున్నారు, ఆ తరవాత ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. తగాదాపడ్డవాళ్ళు సమాధానపడేదాకా ఆ రొట్టె ముట్టకూడదన్నది మా సంఘం కట్టుబాటు. ఇద్దరి మధ్యా నలిగిపోయింది మా నాయనమ్మ. వానాకాలం నుంచి మంచంలోనే ఉన్న ఆ ముసలి ప్రాణానికి మిగిలిన కోరిక ఒక్కటే, కొడుకులిద్దర్నీ చెరోపక్కా కూర్చోబెట్టుకుని ఒకసారి ఆ రొట్టె తినాలని. అది తీరకుండానే పోతానేమోనని లోలోపల కుమిలిపోయేది.

ఆ శనివారం అమ్మ ఒక్కతే తిరగలి ముందు కూర్చుంది గానీ పెద్దమ్మ రాలేదు, జొన్నలు చేటలోనే ఉండిపోయాయి. మర్నాడు అయ్యగారు సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు, పక్కన పళ్ళెం ఖాళీగా ఉంది. వేరే ఇంట్లో రొట్టె చేయిద్దామని ఆయన అనబోతే మా సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. పొలం పనులు చేసుకునే మనిషి, మామూలుగా పెద్దగా మాట్లాడడు.

"ఒద్దండి అయ్యగారూ. ఆ రెండిళ్ళోళ్ళూ పస్తుంటే మిగతావోళ్ళం ఎట్టా తింటామండీ? వచ్చే నెలదాకా అందరం ఆగుదాం."

ఎవరూ కాదనలేదు. పొద్దుటి నుంచి ఉపవాసమున్న ఆడవాళ్ళు, చిల్లకల్లు ఊరు దాటి నడిచొచ్చిన చుట్టాలు, అందరూ ఒక కీర్తన పాడి రొట్టె ముట్టకుండానే లేచారు. ఒక్కరైనా మా వంక నిష్ఠూరంగా చూడలేదు. అంతమంది మా కోసం ఖాళీ నోళ్ళతో వెళ్ళిపోతుంటే చిన్నదాన్ని నేను గుమ్మం పక్కన నిలబడి చూశాను. దేవుడంటే భయం అంతకుముందూ ఉంది గానీ, మనుషుల్ని చూసి ఆ భక్తి కలగడం అదే మొదలు.

ఆ నెలంతా రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి నాయనమ్మ మంచం దగ్గర ప్రార్థన చేసి పోయేవారు, తగాదా మాట మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. ఆమె మాత్రం ఎవరు గంజి పట్టినా "వాళ్ళిద్దరూ లేకుండా ఆ ముక్క నా గొంతు దిగదే" అని అదే మాట అనేది. ఈ నెల గడుస్తుందా అని మాకందరికీ భయమే.

మళ్ళీ శనివారం వచ్చింది. తెల్లవారగానే ఒక్కొక్కరే వచ్చి మా అరుగు మీది చేటలో పిడికెడు పోసి పలకరించి పోతున్నారు. అందరూ అయ్యాక పెద్దమ్మ వచ్చింది. కొంగులో తెచ్చిన జొన్నలు పోసి, అమ్మకెదురుగా కూర్చుని తిరగలి పిడి పట్టుకుంది. విసురుతూ విసురుతూ పెద్దమ్మ సన్నగా కీర్తన ఎత్తుకుంది, అమ్మ అందుకోబోయి ఏడ్చేసింది. పొలానికి బయలుదేరిన నాన్న భుజాన కండువాతో అలాగే నిలబడిపోయాడు.

మర్నాడు పెదనాన్న మా వాకిట్లోకి వచ్చి నాయనమ్మ మంచం కోడు పట్టుకున్నాడు. "తలవైపు బరువన్నా, నేను పడతా. నువ్వు కాళ్ళవైపు పట్టుకో" అన్నాడు నాన్న. అన్నదమ్ముల మొదటి మాట అదే! ఎద్దు ఊసు ఆ తరవాత ఎవరూ తియ్యలేదు. నాయనమ్మను మంచంతోనే గుడికి మోసుకెళ్ళారు. ఆమె జొన్నరొట్టె ముక్కను చప్పరిస్తూ చెరో చేత్తో ఇద్దరు కొడుకుల్నీ పట్టుకుని కూర్చుంటే గుడిలో కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. ఆ చలికాలం దాటకుండానే ఆమె వెళ్ళిపోయింది, దిగులు లేకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు మందిరాలు పెద్దవయ్యాయి, రొట్టె తెల్లబడింది, ఎవరి వంతు కోసమూ ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు. కాదనను, వేలమందికి తిరగలి ఎవరు విసురుతారు? అయినా ఒక్క ఇంటి కోసం సంఘమంతా ఆగిన రోజును చూసినదాన్ని, మనసు ఊరుకోదు. ఆ గిన్నెను అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. మా అమ్మాయి నవ్వి, పొర ఒలిచి నా చేతిలో పెట్టింది. నోటిదాకా తీసుకెళ్ళాను గానీ తినబుద్ధి కాలేదు. ఆ కాస్త ముక్కనే సగానికి తుంచి దాని చేతిలో పెట్టాక గానీ నా గొంతు దిగలేదు.