పట్టా కింద చోటు

ఇవాళ బస్సులోంచి, చినుకులు పడుతుంటే ఎండుమిర్చి మీద టార్పాలిన్ పట్టా కప్పుతున్న రైతును చూశాను. జాలి కంటే ముందు నాకు కుళ్లు పుట్టింది.

నా చిన్నప్పుడు మా మిర్చి కల్లంలో ఆరేటప్పుడు మబ్బు పట్టిందంటే నాన్న ఇంట్లో అందరినీ తిట్టేవాడు. కాయల మీద మాత్రం పట్టా ఎంత మెల్లగా కప్పేవాడో!

ఓసారి నేనూ వెళ్లి ఆ పట్టా కింద, కాయల్లో పడుకున్నాను. ఒళ్లు భగ్గుమని కేక పెట్టాను.

"నీకేం పోయేకాలమే!" అంటూ నాన్న ఎత్తుకెళ్లి మజ్జిగతో ఒళ్లంతా తుడిచాడు.

"నన్నూ కప్పుతావని..." అన్నాను వెక్కుతూ.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

మా ఏడాది తిండి ఆ కల్లంలోనే ఉండేదని పెద్దయ్యాక తెలిసింది. తెలిస్తే మాత్రం? ఆ కాయలు ఒక్కనాడైనా ఆయన చేత తిట్లు తిన్నాయా?