చర్చి పుస్తకానికి చెదలు పట్టలేదు

బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ, తెల్లవాళ్ల కాలంలో జైలుకి వెళ్లానని అబద్ధం చెప్పాడని మా చర్చిలో కొందరు ఇప్పటికీ అంటుంటారు. ఆయన చెప్పింది నిజం. అబద్ధం ఆడింది నేను. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు పదిహేనేళ్లు పైనే పట్టింది.

డెబ్బైల మొదట్లో నేను నర్సీపట్నం తాలూకాఫీసులో గుమస్తాని. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిందని సమితి ఆఫీసు ఆవరణలో రాతిస్తంభం నిలబెట్టి, దాని మీద ఈ ప్రాంతపు సమరయోధుల పేర్లు చెక్కించాలని ఉత్తర్వు వచ్చింది. అర్జీలు తీసుకుని జైలు కాగితాలతో సరిచూసే పని నా సీటుకి పడింది.

సరిచూడడమంటే ఏదో పెద్ద పని అనుకున్నాను. జైలు కాగితం లేనివాళ్లు, వీళ్లు మాతో పాటు జైల్లో ఉన్నారని ఇద్దరు సమరయోధుల చేత సంతకాలు చేయించుకొస్తే చాలు. అలాగే ఒక పెద్ద రైతు వచ్చాడు. “క్విట్ ఇండియా రోజుల్లో మా బుగత ఊళ్లోనే బెల్లం వండించుకుంటున్నాడు” అని ఆయన పాలేరే ఆఫీసు అరుగు మీద కూర్చుని నవ్వుతూ చెప్పాడు. సంతకాలు రెండూ ఉన్నాయి. పేరు ఎక్కించాను. అబద్ధమని తెలుసు. అయినా ఎక్కించాను.

దర్జీ దగ్గర మాత్రం అసలైన జైలు కాగితం ఉంది. రాజమండ్రి జైల్లో ఆరు నెలలు. అందులో ఉన్న పేరు మాత్రం ఆయనది కాదు.

అదెలా జరిగిందో ఆయన నాకు చాలాసార్లు చెప్పాడు. వాళ్ల నాన్న క్రైస్తవ మిషనరీల బంగళాలో దొరకి వంటవాడు. ఈయన అక్కడి కుట్టుగదిలో పని నేర్చుకున్నాడు. మధ్యాహ్నం దొర భోంచేసి నిద్రపోయే వేళ, దొర కుట్టుమిషను మీదే మూడురంగుల జెండాలు కుట్టాడు. ఒకరోజు అవి పట్టుకుని మరో నలుగురితో తాలూకాఫీసు ముందుకి వెళ్తే పోలీసులు పట్టుకున్నారు. అసలు పేరు చెబితే నాన్న పని పోతుందని, బాప్తిస్మానికి ముందు వాళ్ల నాయనమ్మ పెట్టిన పేరు చెప్పాడు. కొడుకేడని దొర అడిగితే, “అస్సాం టీ తోటలకెల్లీసేడు దొరా” అని వాళ్ల నాన్న చెప్పాడట.

మాలాంటి కుటుంబాలకి రెండేసి పేర్లుండడం వింతేమీ కాదు. బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టరుగారు చర్చి పుస్తకంలో పాత పేరు, దాని పక్కనే కొత్త పేరు రాస్తారు. ఊళ్లో అందరికీ తెలిసిన పేరు ఒకటైతే కాగితాల్లో మరొకటి ఉంటుంది. ఆ పుస్తకం ఒక్కటి తెస్తే ఆయన పని అయిపోయేది.

విచారణ రోజున తాసిల్దారుగారి గదిలో, పేర్లు తేల్చడానికి పిలిపించిన ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. నేను ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

“దొరల మతం పుచ్చుకున్నోడివి. దొరల మీద జెండా ఎత్తేవంటే నమ్మమంటావేటి?” అన్నాడు ఒక పెద్ద.

“ఏసుప్రభువు దొరేటి బాబూ? ఆయన్ని కూడా అప్పటి దొరతనవే సిలువేసింది,” అన్నాడు దర్జీ.

తాసిల్దారుగారు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. “మాటలకేటిలే. ఈ కాగితంలో ఉన్నోడు నువ్వేనని రుజువేటి?”

“మా సర్చి పుస్తకం తెప్పించండి. రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి.”

తాసిల్దారుగారికి ఆ మాట నచ్చింది. నా వైపు తిరిగారు. “మీ ఇల్లు ఆ చర్చి వీధిలోనే కదయ్యా? ఆ పుస్తకం ఉందా?”

ఉంది. దర్జీ పేరు రాసిన పేజీకి కొన్ని కాగితాల తరవాత మా అమ్మ, మా నాన్న, నేను ఉన్నాం. బాప్తిస్మం నాటికి నాకు అయిదేళ్లు. నా ఉద్యోగం నా పాత పేరు మీద, మా కులం కోటాలో వచ్చింది. క్రైస్తవులమని రాస్తే మాకు ఆ కోటా లేదు. మతం మారితే అంటరానితనం కూడా పోతుందని ఎవరు తేల్చారో నాకు తెలీదు. టీకొట్లో మా గ్లాసు మాత్రం వేరుగానే ఉండేది. ఆ కోపం ఇప్పటికీ ఉంది. కానీ ఆ రోజు నన్ను ఆపింది కోపం కాదు, భయం. పుస్తకం ఆ బల్ల మీదికొస్తే ఎవరైనా నాలుగు కాగితాలు తిరగేస్తారు.

“ఉండేదండి. చెదలు తినేశాయండి,” అన్నాను.

దర్జీ నా మొహంలోకి చూశాడు. మొన్న ఆదివారం కూడా ఆ పుస్తకం పాస్టరుగారి బల్ల మీదే ఉంది. ఇద్దరం చూశాం. ఆయన బల్ల మీది జైలు కాగితం తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ‘చర్చి పుస్తకాన్ని చెదలు తినేశాయి. అర్జీదారు, జైలు కాగితంలోని వ్యక్తి ఒకరేనని ఆధారం లేదు’ అని నేనే రాసి, పొట్టి సంతకం పెట్టాను.

సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను.

“నీ పేరు ఏ పేజీలో ఉందిరా?”

“మీ తరవాతే బాబాయ్. నాలుగైదు కాగితాల తరవాత.”

“అలాగా,” అన్నాడు. “మరయితే తెరవకూడదులే. బేగి ఇంటికెల్లు, మీ అమ్మ ఎదురుసూస్తాది,” అని వెళ్లిపోయాడు.

ఒకప్పుడు వాళ్ల నాన్న పని కోసం పేరు మార్చుకున్నాడు. ఇప్పుడు నా పని కోసం ఆ పేరూ వదులుకున్నాడు. ఎవరు అడిగారు ఆయన్ని ఇంత మంచితనం? రెండు దెబ్బలు కొట్టుంటే నాకు సులువుగా ఉండేది.

స్తంభం లేచింది. బెల్లం వండించుకున్న రైతు పేరు పైనుంచి మూడోది. చర్చిలో మా వాళ్లు దర్జీని వదల్లేదు. “ఏటి సమరయోధుడుగారూ, నా లాగు గుడ్డ ఇచ్చి నెల్లాళ్లయింది. మళ్లీ జైలుకెల్లేవనుకున్నాను!” అని ఒకడంటే బెంచీలన్నీ నవ్వేవి. మొదట్లో ఆయనా నవ్వేవాడు. తరవాత ఆదివారాలు రావడం మానేశాడు. ఆ నవ్వే బెంచీల్లో నేనూ కూర్చునేవాణ్ణి. తలొంచుకుని పాటల పుస్తకం చూసేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ఆయన పోయాడు. పాస్టరుగారు మంచి పనివాడన్నారు, మంచి తండ్రన్నారు. జైలు మాట ఎత్తలేదు.

మండలాలు వచ్చాక, వేరే ఊరికి బదిలీ అయిన నేను ఒక సెలవు పెట్టి వచ్చాను. పాస్టరుగారి దగ్గర పుస్తకం అడిగి తీసుకుని ఆయన పేజీ ఒక్కటే జిరాక్సు తీయించాను. దాంతో మండలాఫీసుకి వెళ్తే, “ఆ స్తంభం సమితి వాళ్లదండి. సమితులు పోయాయి కదా. మా ఆస్తుల జాబితాలో ఆ రాయే లేదు,” అన్నారు. లేని రాయి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. అక్కణ్ణుంచి ఇంకో ఆఫీసు. నాలుగుసార్లు తిరిగాక ఒక కుర్ర గుమస్తా పాత ఫైలు వెతికి తీశాడు.

“చెదలు తినేశాయని రాశారండి. ఇప్పుడు పుస్తకం ఎక్కణ్ణుంచి వచ్చింది? అప్పుడు రాసినాయన సంజాయిషీ ఇస్తే తప్ప ముందుకెళ్లదు. ఈ పొట్టి సంతకం ఎవరిదో మీకేమైనా తెలుసా?”

“తెలీదండి,” అన్నాను.

ఈసారి భయం కూడా వేయలేదు. కనీసం ఆలోచించనైనా లేదు నేను. మాట దానంతటదే వచ్చేసింది.

తిన్నగా బస్టాండుకి వెళ్లాను. దర్జీ కూతురు ఇప్పుడు ఆ మిషను మీద కుడుతోంది. ఎదురుగా స్టూలు మీద కూర్చుని మొదట్నుంచీ అంతా చెప్పాను. ఆవిడ కుట్టు ఆపలేదు.

“నాకు తెలుసు. నాన్న సెప్పీసేడు,” అంది. “నిన్నేటీ అనొద్దన్నాడు, అందుకే అన్లేదు. నాకయితే నిన్ను సూస్తే ఒళ్లు మండేది.”

“ఇదంతా రాస్తానమ్మా. అందరూ చదివేలా.”

“అందులో నీ పేరుంటాదేటి?”

నేను చేతిలోని జిరాక్సు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను. ఆవిడ మిషను ఆపి దారం తెంపింది.

“అయితే మా నాన్న పేరూ రాయకు. నీ పేరు లేని కాగితవెవుడు నమ్ముతాడు? మల్లీ రుజువేటని అడుగుతారు. ఒకసారి అడిగింది సాల్దా?”

అందుకే ఇందులో ఆయన పేరు లేదు. నాదీ లేదు. నాకింకా పదమూడేళ్ల సర్వీసు ఉంది.