నిన్నటికి ఐదు కలిపితే

ఫిజియోథెరపీ చివరి ఏడాదిలో నన్ను సికింద్రాబాద్‌లోనే ఒక ఆసుపత్రికి ట్రైనింగ్‌కి వేశారు. తెల్ల కోటు తొడుక్కుని మారేడ్‌పల్లిలో మా గేటు దాటితే చాలు, ఆటోవాళ్లు కూడా "డాక్టరమ్మా" అనేవారు. నేను కాదనేదాన్ని కాదు. మర్యాద ఊరికే వస్తుంటే ఎవరు వద్దంటారు?

అక్కడ సీనియర్లు మొదటి రోజే ఒక విద్య నేర్పారు. పేషెంటు కీలు ఎంత వంగుతోందో ప్లాస్టిక్ కోణమానినితో రోజూ కొలిచి షీటులో రాయాలి. పదయ్యేసరికి బెంచీలు నిండిపోయేవి, కోణమానినులేమో రెండే. "నిన్నటిదానికి ఐదు డిగ్రీలు కలిపి రాసెయ్యవే, ఎలాగూ తగ్గుతూనే ఉంటారుగా" అంది సీనియర్ అక్క. నేను లెక్కల టీచరు కూతుర్ని. కూడికల్లో నన్ను మించినవాళ్లు లేరు.

కార్ఖానా ఏరియాలో బట్టలు కుట్టే ఒక పెద్దాయన నా పేషెంటు. ఎడమ మోచెయ్యి విరిగి, కట్టు విప్పాక బిగుసుకుపోయింది. ఆసుపత్రికి వచ్చినా మెడలో టేపు తీసేవారు కాదు. మొదటి రోజు బుద్ధిగా కొలిచాను, ఎనభై వచ్చింది. ఆ తర్వాత కబుర్లు చెబుతూ చెయ్యి వంచడం, ఎనభై ఐదు, తొంభై అని ఎక్కించుకుంటూ పోవడం. పన్నెండో రోజుకి కాగితం మీద ఆయన చెయ్యి నూట ముప్పై ఐదు డిగ్రీలు వంగింది. మర్నాడు మా ట్రైనింగ్ చూసే సార్ సంతకం పెడితే ఇక వైద్యం ఆపేస్తారు.

"అంకుల్, మీకు నయమైపోయింది. రేపొక్కరోజు వస్తే చాలు" అన్నాను, పెళ్లి కబురు చెప్పినంత సంతోషంగా.

ఆయన టేపు తీసి ఒక కొస తన ఎడమ భుజం మీద నన్ను పట్టుకోమన్నారు. చెయ్యి వంగినంత వంచి, మణికట్టు దగ్గర అంకె చూపించారు. చెయ్యి వంగేకొద్దీ ఆ దూరం తగ్గాలి.

"మొదటి దినం ఇంట్ల కొలుసుకున్న, పదిహేడు ఇంచులు. గియ్యాల సుత పదిహేడే. నీ కాగితంల మంచిగనే ఉన్నది బిడ్డా, గని నా చెయ్యి కాలర్ గుండీ కాడికి పోతలేదు."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"సార్‌కి చెప్తారా అంకుల్?"

"నేనెందుకు చెప్త? నువ్వే చెప్పు. కొలత తప్పితే బట్ట విప్పి మళ్ల కుడ్త. చెయ్యి విప్పి కుట్టరాదు గద."

చెబితే ట్రైనింగ్ ఇంకో మూడు నెలలు పొడిగిస్తారని భయం. మెట్ల కింద నిలబడి చాలాసేపు గోళ్లు కొరుక్కున్నాను. చివరికి షీటు పట్టుకెళ్లి సార్ ముందు పెట్టి, మొదటి అంకె తప్ప మిగతావన్నీ నేను కల్పించినవేనని చెప్పేశాను. సార్ అరవలేదు. అరిచినా బాగుండేది. వెంటనే ఎక్స్‌రే తీయించారు. కీలు పక్కన కొత్త ఎముక పెరుగుతోంది, లాగి వంచితే అది ఇంకా పెరుగుతుంది, ఇక ఆ పని చెయ్యకూడదన్నారు. "వారం రోజులుగా అంకె కదలడం లేదని రాసి ఉంటే అప్పుడే తీయించేవాణ్ణి" అని మాత్రం అన్నారు. మూడు నెలలు పొడిగించారు కూడా.

ఆ మూడు నెలలూ పెద్దాయన తనంతట తానే మెల్లగా చెయ్యి వంచుకునేలా నేనే చూశాను. రోజూ రెండుసార్లు కొలిచి అంకె పైకి చదివేదాన్ని. "ఇంకోపారి చూడు డాక్టరమ్మా, తొందరేముంది" అని ఆటపట్టించేవారు. "డాక్టర్ని కాదంకుల్, స్టూడెంట్ని" అనడం అప్పుడే అలవాటైంది.

చివరి రోజు టేపు పది ఇంచులు చూపించింది. కుడి చేతికి ఏడు. మిషన్ తొక్కుకోవచ్చు, కత్తెర పట్టుకోవచ్చు. "కాలర్ గుండీ నా ఇంటామె పెడ్తది తియ్" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ మూడు ఇంచులు ఆయన ఎముక తీసుకున్నవా, నేను తీసుకున్నవా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. తెలుసుకునే దారి లేదు. ఆ పన్నెండు రోజుల్లో కొలిచింది ఒక్కరోజే.