సిసిలియన్ మీద నా గెలుపు

మాచర్లలో బైకులు బాగుచేసే అతనికి చదరంగం నేర్పింది నేనే. నా బండి రిపేరుకిచ్చి కూర్చున్న సాయంత్రాల్లో, షాపు ముందు బల్ల మీద పావులు పరిచి గుర్రం ఎలా దూకుతుందో చూపించాను. రెండేళ్లపాటు నా చేతిలో ఓడిపోతూనే వచ్చాడు. లెక్కల మాస్టారిని కదా, అది న్యాయంగానే తోచేది.

తర్వాత ఫోన్లో వీడియోలు చూసి సిసిలియన్ డిఫెన్స్ అనే ఎత్తుగడ పట్టుకున్నాడు. నేను రాజు ముందు బంటును నడిపితే, దానికి ఎదురు రాకుండా మంత్రి పక్కనున్న బంటును రెండు గళ్లు తోసేవాడు. అప్పట్నుంచి నేను గెలిచింది లేదు. ఆట చూడ్డానికి ఆగేవాళ్లు కూడా అతని వైపే నిలబడేవారు. మాస్టారికి ఇతనే నేర్పాడేమో అని ఒకాయన అంటే, కాదు, నాకే ఆయన నేర్పారని అతను సర్దిచెప్పాడు. ఆ మంచితనం నాకు మరీ మంటగా ఉండేది.

నరసరావుపేటలో ఓ కల్యాణమండపంలో పోటీ పెడితే ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. చివరి రౌండులో మా ఇద్దరికే పడింది. నావి తెల్లపావులు. అతను మళ్లీ సిసిలియనే ఆడాడు. ఇరవై ఎత్తులు దాటేసరికి నా పని అయిపోయింది. అతని గుర్రం ఒక్కసారి దూకితే నా రాజుకు చెక్, మంత్రి గల్లంతు. ఆ గుర్రం కోసం అతను చెయ్యి చాపినప్పుడు చిటికెనవేలు పక్కనున్న ఏనుగుకు తగిలింది.

నేను చెయ్యెత్తి, తీర్పు చెప్పే ఆర్బిటర్‌ని పిలిచాను. ఏనుగును ముట్టుకున్నాడు, రూలు ప్రకారం దాన్నే జరపాలన్నాను.

పొరపాటున తగిలితే లెక్కలోకి రాదు, కావాలనే పట్టుకున్నాడా అని ఆయన అడిగాడు.

"పట్టుకున్నాడు," అన్నాను.

ఆయన అతని వైపు తిరిగాడు. అతను నన్నోసారి చూసి, "మాస్టారు చెప్పినాక ఇంకేంది సార్," అని ఏనుగును జరిపాడు. దాంతో అతని ఆట కూలిపోయింది.

కప్పు నాకిచ్చారు. జనం మాత్రం అతని చుట్టూ మూగి, ఆ గుర్రం దూకి ఉంటే ఏమయ్యేదో చూపించమన్నారు. నేను కప్పు చంకలో పెట్టుకుని, వాళ్ల భుజాల మీదుగా తొంగిచూశాను.

తిరుగు బస్సులో నాకోసం సీటు ఆపాడు.

"మాస్టారూ, మీ పదకొండో ఎత్తు చానా బాగుంది. దానికి నాకేం తోచలా."

ఎందుకు బాగుందో చెప్పమన్నాను. గురజాల దాటేదాకా వివరించాడు. వేలు ఊరికే తగిలిందని నాకు తెలుసన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆ మెచ్చుకోలు ఆగిపోతుందని చెప్పలేదు.