పేరు పలకని వైద్యలింగం

వైద్యలింగం ఏ కంపెనీ పేరూ నోటితో పలకడు, శీర్షికలో ఉండనివ్వడు. కోయంబత్తూరు టౌన్‌హాల్ వీధిలో, ఇంటి సామాన్ల రిపేర్ల గురించి వ్యాసాలు రాసే వెబ్‌సైట్ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా ఆయన ఎడిటరు. కొత్తగా చేరిన యాళినికి ఆయనతో రోజూ ఒక యుద్ధమే.

"పొన్నరుంబు గ్రైండర్ శబ్దం చేస్తోందా?" అని ఆమె రాసిస్తే, "ఎర్రమూత గల ఒకానొక గ్రైండర్ శబ్దం చేస్తోందా?" అని సైట్‌లో వచ్చేది.

యజమాని ఇళంగో నెత్తి బాదుకునేవాడు. "ఒకానొక గ్రైండర్ అని వెతికేవాడు ఈ భూమ్మీద ఎవడున్నాడయ్యా?"

"ఉంటే వాడు మంచివాడై ఉంటాడు సార్. లోపల ఎన్నిసార్లయినా రాసుకోండి. శీర్షిక అంటే బోర్డు. వాళ్ల పేరు మన బోర్డు మీద పెడితే జనం వాళ్ల కొట్టే అనుకుంటారు."

ఒకసారి వైద్యలింగం తలనొప్పి వచ్చి మందుల షాపుకెళ్లాడు. "తెల్లగా, గుండ్రంగా, మధ్యలో గీత ఉంటుందే, అది ఇవ్వు తమ్ముడూ" అన్నాడు. షాపువాడు నులిపురుగుల మాత్ర ఇచ్చాడు. తలనొప్పి తగ్గలేదు గానీ వారం రోజులు ఆకలి మాత్రం దంచేసిందట.

మనవరాలి చెవులు కుట్టించడానికి ఆయన రెండు రోజులు కరూరు వెళ్లాడు. పిల్లి లేని ఇల్లు ఎలకలదే కదా. యాళిని "పొన్నరుంబు గ్రైండర్ సర్వీస్ సెంటర్: ఇంట్లోనే రిపేరు" అని శీర్షిక పెట్టేసింది. రెండు రోజుల్లో నలభై వేలమంది చదివారు. ఇళంగో అందరికీ మైసూర్‌పాకు పంచాడు.

ఆరోరోజు పొన్నరుంబు కంపెనీ నుంచి లాయరు నోటీసు వచ్చింది. మా పేరు పెట్టుకుని జనాన్ని మోసం చేస్తున్నారు, రాసిందెవరో చెప్పండి అని.

"ఈ శీర్షిక పెట్టినవాళ్లు ఇవాళే ఇంటికి!" అని ఇళంగో గుడ్లురిమాడు.

యాళినికి ఇల్లు గుర్తొచ్చింది. ఈ ఉద్యోగం పోతే సొంతూరు చెన్నిమలైలో దుప్పట్ల మగ్గం ముందు కూర్చోవడమే. వాళ్ల నాన్న ఆమెకిచ్చిన గడువు ఒక్క ఏడాది. లేచి నిలబడింది గానీ నోరు పెగల్లేదు.

"నేనే సార్" అన్నాడు వైద్యలింగం.

ఆఫీసంతా గొల్లున నవ్వింది. "నువ్వా? కరూరులో ఉన్నావుగా!" అన్నాడు ఇళంగో.

"ఫోన్లో చెప్పి పెట్టించాను."

"ఏమని చెప్పావు? ఎర్రమూత అనా? ఏదీ, ఆ పేరు ఒక్కసారి పలుకు చూద్దాం!"

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు.

"పొన్నరుంబు" అన్నాడు. "పొన్నరుంబు గ్రైండర్ సర్వీస్ సెంటర్. నేనే పెట్టించాను."

నవ్వులు ఆగిపోయాయి. యాళిని ఏదో అనబోతే ఆయన కళ్లతోనే కూర్చోబెట్టాడు.

అప్పటికప్పుడే ఉద్యోగం పోయి, అన్నం క్యారేజీ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయిన ఆయన్ను ఆమె ఉక్కడం బస్టాండు దగ్గర అందుకుంది. ఏడుపు ఆగడం లేదు.

"ఎందుకిలా చేశారు సార్? పైగా నేను నోరు మూసుకుని నిలబడ్డాను."

"నేనూ నిలబడ్డానమ్మా, పదకొండేళ్ల కిందట, వేరే ఆఫీసులో. తంగమణి అని నీలాంటిదే. కంపెనీ పేరు పెట్టమని చెప్పింది నేను, రాసింది తను. నోటీసు వచ్చింది. తనను పంపేశారు. చంటిపిల్లను ఎత్తుకుని నా ముందు నుంచే వెళ్లిపోయింది. ఆ రోజు నా నోరు పెగల్లేదు."

యాళినికి తన ఏడుపు సిగ్గుగా తోచింది. ఈయన చాదస్తం చూసి ఎన్నిసార్లు నవ్విందో గుర్తొచ్చింది.

"ఇప్పుడెక్కడుంది ఆమె?"

"పొల్లాచ్చిలో. బట్టలు కుట్టే కొట్టు. అడ్రసు ఎప్పటినుంచో జేబులోనే ఉంది. వెళ్లడానికి ముఖమే లేకపోయింది." పొల్లాచ్చి బస్సు వచ్చింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

"రేపే ఇళంగో సార్‌కు నిజం చెప్పేస్తాను సార్!"

"చెప్పు. ముందు ఇంకో ఉద్యోగం చూసుకుని చెప్పు."

బస్సు కదిలింది. ఆయన హఠాత్తుగా తల బయటపెట్టి, "అమ్మా, తంగమణి నన్ను తిడితే?" అని అరిచాడు.

"తిట్టించుకోండి సార్!"

"అవును, అదీ నిజమే" అని ఆయన నవ్వి, అరటిగెలతో ఎక్కిన ఆడమనిషికి చోటివ్వడానికి కాస్త జరిగాడు.