ఒడ్డు లేని లెక్క

మా పాత ఊరు సోమశిల డ్యాము నీళ్ల కింద ఉంది. ఊరు మునిగాక ఆత్మకూరు వైపు వచ్చి ఇళ్లు కట్టుకున్నాం కానీ, మా వాళ్లు ఆ మట్టిని మాత్రం వదల్లేదు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గి పాత చేలు బయటపడగానే నాయనా, మేనత్తా, ఇంకా చాలామంది పోయి పెసలు చల్లేవాళ్లు. కాయ చేతికొచ్చేలోపు పైనుంచి నీళ్లొస్తే చేనంతా పోయినట్టే. ఏటా అదే జూదం.

తొంభైల్లో నేను యూనివర్సిటీలో పరిశోధనకు చేరి పారలల్ కంప్యూటింగ్ తీసుకున్నాను. ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెసర్‌కు పంచి, అన్నిటినీ ఒకేసారి చేయించే విద్య అది. ఏ లెక్క చేస్తావని గైడు అడిగితే, రిజర్వాయర్‌లోకి వరద చేరే లెక్క అన్నాను. కారణం ఆయనకు చెప్పలేదు. నాయనకు చెప్పాను.

"అయితే నీళ్లు ఏ చేను దాకా వస్తాయో ముందే తెలుస్తాదా?" అన్నాడు నాయన.

తెలుస్తుందన్నాను. ఆదివారానికల్లా ఆ మాట చర్చి అంతా పాకింది. పాస్టరుగారు నా చదువు కోసం ప్రార్థన కూడా చేయించారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

యూనివర్సిటీలో ఆ మెషీన్‌కు ఏసీ గది. మా చర్చికి లాగే చెప్పులు బయట విప్పి లోపలికి పోవాలి. నా వంతు వచ్చినప్పుడు రిజర్వాయర్ పటాన్ని గళ్లుగా కోసి ప్రాసెసర్లకు పంచేదాన్ని. చిక్కంతా ఒడ్డు దగ్గరే. నడిమి నీళ్ల లెక్క తేలిక. ఒడ్డున ఉన్న గడి మాత్రం ఒకసారి తడి, ఒకసారి పొడి. ఒడ్డు ఏ ప్రాసెసర్ పాలిట పడితే అది కిందామీదా పడేది. మిగతావి తమ పని ముగించుకుని దాని కోసం ఊరికే కాచుకునేవి. దాంతో వేగం పడిపోయేది. బరువును సమంగా పంచే దారి వెతుకుతున్నాను, కొంచెం టైమివ్వండి అని గైడును అడిగాను.

ప్రాసెసర్లు పెరిగేకొద్దీ వేగం ఎంత పెరిగిందో చూపే గ్రాఫు చూసి ఆయన మొహం చిట్లించాడు. "ఆ ఒడ్డు తీసేయమ్మా. అక్కడ గోడ ఉందనుకో. నీళ్లు దాటవు, గ్రాఫు చక్కగా లేస్తుంది."

"ఒడ్డునే కదా సార్ మనుషులున్నది."

"మన థీసిస్ వేగం మీద. నీళ్ల మీద కాదు."

ఆయన సంతకం లేనిదే థీసిస్ గడప దాటదు. ఫెలోషిప్పు అప్పటికే అయిపోయింది. ఒడ్డు గురించి రాసిన అధ్యాయాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి నా చేతికిచ్చాడు. ఒళ్లు మండిపోయింది. అయినా తీసేశాను. గ్రాఫు నిటారుగా లేచింది. వైవాకు వచ్చినవాళ్లు తెగ మెచ్చుకుని, ఖరీదైన బిస్కెట్లు తెప్పించారు. ఆ బిస్కెట్ల మీద కూడా నాకు ఇప్పటికీ కోపమే. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. మాకు ఆ దిబ్బ కూడా మిగల్లేదు.

పట్టా వచ్చిందని నాయన ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూటం పెట్టించాడు. ఉదయగిరి నుంచి కూడా చుట్టాలొచ్చారు. పాటలయ్యాక నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవునికి స్తోత్రం చెప్పి కూర్చోబోతుంటే మేనత్త ఆపింది.

"అదంతా సరేగాని పాపా, ఇత్తనాలు తెచ్చిపెట్టుకోని ఉండాము. ఈ తూరి మన చేల మీదికి నీళ్లెప్పుడొస్తాయంట?"

"అవునమ్మా, అది చెప్పు," అన్నారు వెనకనుంచి ఎవరో. అందరూ నా వైపు తిరిగారు. సగం మంది వచ్చింది ఆ ఒక్క మాట కోసమే.

బల్ల మీద బైబిలు పక్కన పెట్టిన థీసిస్ తెరిచి పటం చూపించాను. నీళ్లు ఒక నల్ల గీత దగ్గర ఆగిపోయాయి. గీతకు అవతల తెల్ల కాగితం.

"మన చేలు ఇందులో లేవత్తా. లెక్క ఎంత తొందరగా అయిపోతాదో, అంతవరకే ఇది చెప్పేది."

నాయన ఆ తెల్ల కాగితం మీద వేలు పెట్టాడు. "మన సంగతే లేనప్పుడు దానికి అంత తొందర దేనికమ్మా?"

పాస్టరుగారు గబగబా ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు.

ఆ ఏడు పెసరకాయ పండి నల్లబడుతుండగా నీళ్లొచ్చి చేనంతా పోయింది. మరుసటేడు ఎండలకు అత్త మళ్లీ విత్తనాలు తెచ్చుకుని, మా పంచలో కూర్చుని చాటలో చెరుగుతోంది. నేను ఎదురుగానే ఉన్నాను. నన్ను ఏమీ అడగలేదు.