కరిగిన కళాయి కోసం ఆళ్లగడ్డ దాకా

ఒక్క గిన్నె కోసం కర్నూలు నుంచి ఆళ్లగడ్డకు ఎవరైనా పోతారా అంటే, నేను పోయాను. అత్తమ్మ వాడుకోమని ఇచ్చిన ఇత్తడి గిన్నెను ఖాళీగా స్టవ్ మీద పెట్టి ఫోన్ మాటల్లో పడ్డాను. వచ్చి చూస్తే లోపలి తగరపు పూత, అదే కళాయి, కరిగి అడుగున చుక్కలుగా చేరింది. ఆమె మా ఆడబిడ్డ ఇంటి నుంచి తిరిగొచ్చేలోపు గుట్టుగా బాగు చేయించాలని నా పన్నాగం. కర్నూల్లో కళాయి వేసేవాళ్లెవరూ దొరకలేదు, ఆళ్లగడ్డలో మస్తానన్న వేస్తాడని పాత్రల కొట్లో చెప్పారు. మాట పడతానన్న భయం ఒకటైతే, నమ్మి ఇచ్చినదాన్ని పాడుచేశానన్న సిగ్గు ఇంకొకటి.

ఏడింటి బస్సెక్కి పాణ్యం మీదుగా నంద్యాలలో దిగేసరికి తొమ్మిదైంది. బస్టాండు పక్కన నలభై రూపాయలకు ఉగ్గాని బజ్జీ తిని ఆళ్లగడ్డ బస్సు పట్టుకున్నాను. శిరివెళ్ల మీదుగా గంటకు పైగా పడుతుంది. మస్తానన్న పేరు చెబితే ఆటో అతను కొట్టు ముందే దింపాడు.

"ఏందిమా, ఉత్త గిన్నె పొయ్యి మీద పెట్టినావా?" చూడగానే పట్టేశాడు మస్తానన్న.

"కళాయి పోయింది గానీ గిన్నెకేమీ కాలేదెందుకన్నా?"

"తగరం బేగ కరుగుతాది. ఇత్తడికి శానా మంట కావల్ల. రెండూ ఒక్కసారే కరిగితే నాకు పని యాడిది?"

బడిలో ద్రవీభవన స్థానాలను బట్టీపట్టిన నాకు అప్పుడు అర్థమైంది. ఏ పదార్థంలోనైనా కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి, ఆ పట్టు మాత్రం అన్నింట్లో ఒకేలా ఉండదు. తగరంలో అది తొందరగా సడలుతుంది, ఇత్తడిలో ఇంకా చాలా వేడికి గానీ సడలదు. మస్తానన్న గిన్నెను కాల్చి, మురికి వదిలి తగరం అంటుకునేలా నవాసారం పొడి చల్లి, తగరం కడ్డీ తాకించగానే అది వెన్నలా జారింది. దూదితో రుద్దేసరికి లోపలంతా తెల్లబడింది.

"మా అత్తమ్మకు తెలియకూడదన్నా."

"ఇంత తెల్లగ మెరుస్తాంటే తెలియకుండా ఉంటాదా? నువ్వే చెప్పేయ్‌మా."

నిజమే, పాత కళాయి మసకబారి ఉండేది. అక్కడి నుంచే అత్తమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేశాను. 

"అంత కాలిన గిన్నె దించినావే, చెయ్యి కాలలేదు గదా?" అంది అత్తమ్మ.

"లేదత్తమ్మా," అన్నాను.

మూడొందలు మస్తానన్న చేతిలో పెట్టి తిరుగు బస్సెక్కాను. ఏది ఎంత వేడికి కరుగుతుందో పుస్తకంలో చూసుకోవచ్చు. అత్తమ్మ దేనికి కోప్పడుతుందో మాత్రం నాకు నేనే ఊహించుకుని వారం రోజులు నిద్ర పాడుచేసుకున్నాను. మీకొక్కటే చెబుతాను: కళాయి గిన్నెలో ముందు నీళ్లు పోసి, ఆ తర్వాతే స్టవ్ వెలిగించండి. నీళ్లున్నంతసేపు తగరం కరిగేంత వేడెక్కదు. ఎప్పుడైనా మరిచిపోతే, ముందు ఇంట్లో చెప్పి, తర్వాత బస్సెక్కండి.